బయలుదేరిన వాళ్ళను అడగకూడని మాట

నిస్సార్ మసీదుకు పోయాడు. జుమ్మా నమాజు అయ్యి వచ్చేసరికి రెండవుతుంది, రాగానే బయలుదేరతారు. అంటే నాకింకా ఒక గంట ఉంది. ఈ గంటలో ఎదురింటి ముందు ఆగిన తెల్ల కారునూ వీధి చివరి మలుపునూ ఒకేసారి చూస్తూ ఉండాలి, అందుకని అరుగు మీద ఒక మూలకు జరిగి కూర్చున్నాను. కారులోకి రహమత్ బీ సామాను ఎక్కుతూ ఉంది. మలుపులో నుంచి రావలసింది ఒక చిన్న అట్టపెట్టె. అందులో అరచేతి పొడవు మిషన్ ఉంటుంది, చిన్న టార్చిలైటు మాదిరి, దవడ కింద ఆనించి మీట నొక్కితే గొంతు లేని మనిషికి గొంతు వస్తుంది. జర్మనీలో బయలుదేరి ఈరోజుకు నలభై ఒక్క రోజులు. నలభై ఏళ్ళు నా ఎదురింట్లో బతికిన మనిషి కొడుకు నిస్సార్ దగ్గర ఉండటానికి రాజంపేటకు పోతూ ఉంది, ఇల్లు అమ్మేశారు, ఇంక బేతంచెర్లకు రావడానికి ఆమెకు పని లేదు. పోయేముందు ఆమె నోటితో ఒక్క మాట వినాలని నా ఆశ. పోయొస్తా లచ్చుమక్కా, అని. పెట్టె ఎప్పుడొచ్చినా రాజంపేటకు పంపిస్తాంలే అత్తా అంటుంది నా కోడలు మధులత. పంపిస్తారు, నాకు తెలుసు. రాజంపేటలో ఆమె ఎన్ని మాటలైనా మాట్లాడుకుంటుంది. కానీ పోయొస్తా అనే మాట పోయిన చోటు నుంచి చెప్పేది కాదు కదా, గడప దాటేటప్పుడు చెప్పేది.

మలుపులో స్కూటరు. కాదు, పాలవాడిది. ఎండకు రోడ్డు మీద రాతిపొడి తెల్లగా మెరుస్తూ ఉంది, లారీ పోయినప్పుడల్లా లేస్తుంది, మళ్ళీ అక్కడే పడుతుంది. ఈ ఊర్లో అన్నిటి మీదా ఈ పొడే, వేపాకు మీద, ఆరేసిన చీరల మీద, మా ఊపిరితిత్తుల లోపల కూడా. నేనూ రహమతూ ఒకే గనిలో పలకలు మోశాం. నలుగురం కలిసి పలక ఎత్తేటప్పుడు కాళ్ళ దగ్గర ఎవరున్నా జరగండని అరిచేది ఆమెనే. ఆ అరుపు వినపడితే అవతలి గనిలో వాళ్ళు కూడా పక్కకు జరిగేవాళ్ళు. అంత గొంతు. పొగాకు నమిలేది, నేనూ వద్దనలేదు, నమిలే చెంపలో నవ్వు కూడా ఉండేది. మూడేళ్ళ కింద కర్నూలు ఆసుపత్రిలో క్యాన్సరని గొంతులో మాట పుట్టే పెట్టెను తీసేశారు. మెడ కింద రంధ్రం పెట్టారు, ఊపిరి అక్కడి నుంచే. ఆపరేషన్ అయినాక ఆమెను చూడటానికి పోయినప్పుడు మెడ మీది గుడ్డ ఊపిరికి పైకి కిందికి ఆడుతూ ఉంది, పెదాలు కదిలాయి, మాట లేదు. నేను ఆ పెదాలనే చూశాను. నాకు ఆ కదిలే పెదాలు కొత్త కాదు.

కమలాపురం బస్సు కిటికీలో నా చెల్లెలు కృష్ణవేణమ్మ పెదాలు కూడా అట్లే కదిలాయి. పెళ్ళయినాక మొదటిసారి వచ్చి పది రోజులుండి పోతూ ఉంది. బస్సు ఇంజను మోతలో ఆమె ఏమన్నదో నాకు వినపడలేదు. చెయ్యి ఊపాను. వినపడిందన్నట్టు తల కూడా ఊపాను, అదే నేను చేసిన పాపం, వినపడలేదని చెప్పి ఉంటే ఇంకోసారి చెప్పేది కదా. ఆ ఏడే జ్వరంలో పోయింది. పోయొస్తా అన్నదా, ఊరికే పోతాండా అన్నదా. యాభై ఏళ్ళ నుంచి ఆ పెదాలను మళ్ళీ మళ్ళీ కదిలించి చూసుకుంటాను. ఒక్కోసారి ఒక మాట లాగా ఉంటుంది, ఇంకోసారి ఇంకో మాట లాగా ఉంటుంది. నేను బడికి పోలేదు. పాలిష్ చేసిన పలకలకు గీతలు పడకుండా మధ్యలో పెట్టే పాత పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. ఆ కాగితాల్లో ఏ కథకూ చివర ఉండేది కాదు, చిరిగి ఉండేది, లేకుంటే ఆ ముక్క ఇంకో లోడులో ఇంకో ఊరికి పోయి ఉండేది. అట్లా చదివి చదివి నా తలలో కూడా అన్నీ చివర చిరిగిన కథలే మిగిలాయి.

మధులత లోపల్నుంచి వచ్చి, "అత్తా, అన్నం తిందువు రా. స్కూటరొస్తే నేను చూస్తా" అంది.

"నువ్వు చూస్తే రాదు, నేను చూస్తే రాదు. వచ్చేదుంటే వస్తాది" అన్నాను.

"ఆ మాట అనే కదా ఇంతదాకా తెచ్చినావు" అని గొణిగి లోపలికి పోయింది. కోపం కాదు, ఆ పిల్లకు నా మీద కోపం నిలవదు. కానీ మాట నిజం. ఈ ఆలస్యం చేసింది నేను. జర్మనీ వాళ్ళు కాదు, ఓడ కాదు, విమానం కాదు. ఎదురింట్లో మూటలు కట్టుకుంటున్న మనిషికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. పొద్దున వచ్చి అరచెయ్యి తిప్పి చూపించి, వచ్చిందా అని అడిగింది. వాళ్ళు ఆలస్యం చేస్తాండారు రహమతూ అన్నాను. వాళ్ళు. ఎంత సులభంగా వచ్చింది ఆ మాట నా నోట్లో నుంచి.

ఆపరేషన్ అయిన ఆరు నెలలకు డాక్టరమ్మ ఎవరితోనో చెప్పి మొదటి మిషన్ ఇప్పించింది. దాన్ని దవడ కింద పెట్టుకుని మా ఇంటికి వచ్చి, రహమత్ మొదట అన్న మాట, "టీలో చక్కెర తక్కువైనాది లచ్చుమక్కా." ఖాళీ డబ్బాలో తుమ్మెదను వేసి మూత పెట్టినట్టు ఉంది ఆ గొంతు. ఎత్తు లేదు, పల్లం లేదు, కోపమూ నవ్వూ ఒకే రకం. చచ్చిపోయిన వాళ్ళు భూమి లోపల నుంచి మాట్లాడితే ఇట్లే ఉంటుందనిపించింది. వీధి పిల్లలు భయపడితే ఆమె కావాలనే వాళ్ళ వెనక పోయి పేరు పెట్టి పిలిచేది. నాకు మాత్రం అలవాటయ్యే కొద్దీ ఇంకో ఆలోచన వచ్చేది, ఎవరికీ చెప్పలేదు. పోయిన వాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కొక్క మిషన్ ఇస్తే ఎట్లుంటుందని. కృష్ణవేణమ్మకొకటి. మా ఆయనకొకటి. తుమ్మెద గొంతైనా ఫరవాలేదు, నేను అర్థం చేసుకుంటాను. రెండు నెలల కింద ఆ మిషన్ చేతి నుంచి జారి పడింది. మా ఊరి రాతినేల మీద పడింది ఏదీ బతకదు. కర్నూలులో బాగు చేసే వాళ్ళకు చూపిస్తే లోపలి ముక్క దొరకదన్నారు. ఇక్కడ దొరికే ఇంకో రకం తెచ్చి పెట్టుకుంటే ఆమె మెడకు సరిపోలేదు, గురగురమని శబ్దమే గానీ మాట లేదు. అప్పుడు మధులత తన ఫోనులో వెతికి, అదే రకం జర్మనీలో ఉండాదత్తా, తెప్పిద్దామా అంది. నేను తెప్పిస్తా అన్నాను. నా పేరు మీదే, నా ఫోను నంబరు మీదే రావాలని పట్టుబట్టాను. నా చేతితో ఇవ్వాలని.

మొదటి వారం ఎంత బాగా నడిచిందో. పొద్దునా సాయంత్రం మధులత ఫోను తెరిచి చదివేది. బయలుదేరింది. ఫ్రాంక్‌ఫర్ట్ చేరింది. బయలుదేరింది. దుబాయి చేరింది. రహమత్ కూడా వచ్చి కూర్చునేది. తన గొంతు దేశాలు తిరుగుతూ ఉందని చేతులతో విమానం చేసి చూపించేది. దుబాయి చేరినాక ఆగిపోయింది. రెండు రోజులు, నాలుగు, ఆరు. అదే మాట, దుబాయి చేరింది. మధులత రోజుకు నాలుగుసార్లు చూసేది. యాడుండాది, యాడుండాది. ఏడో రోజు అట్లా ఆ పిల్ల ఫోను పట్టుకుని వస్తూ ఉంటే నాకు తట్టింది. ఆ మాట. మేము దానిని అడుగుతూ ఉన్నాం. బయలుదేరిన దానిని యాడికి, యాడికి అని అడుగుతూ ఉన్నాం.

ఆ మాట ఒక్కసారే అడిగాను నేను, నా జన్మలో. ముప్పై ఏడేళ్ళ కింద. మా ఆయన గోపన్న లారీ నడిపేవాడు, ఆరోజు మద్రాసుకు పలకల లోడు. నాకు తెలుసు మద్రాసుకని, ముందు రోజే చెప్పాడు. అంట్లు తోముతూ తడిచేతులతో బయటికి వచ్చి, ఆయన గడప దాటి కాలు కింద పెట్టినాక, ఎందుకడిగానో, ఊరికే ఆయనను ఒక్క క్షణం నిలబెట్టుకుందామనేమో, "ఇంత పొద్దున్నే యాడికి?" అన్నాను. మా అత్త ఈరక్క ఇదే అరుగు మీద కూర్చుని ఉంది. "బయలుదేరినోన్ని యాడికని అడుగుతావా, నీ నోరు పడ" అని లేచింది. "ఒరే గోపన్నా, వెనక్కి రా. కూచో. చెప్పులిడువు. నీళ్లు తాగి మళ్ళా బయలుదేరు" అంది. అట్లా ఎవరైనా నోరు జారితే మా ఇండ్లలో చేసేది అదే, బయలుదేరిన మనిషి వెనక్కి వచ్చి కూర్చుని నీళ్లు తాగితే ఆ పయనం రద్దయినట్టు, తర్వాత కొత్తగా బయలుదేరినట్టు. ఆయన నవ్వాడు. "వచ్చినాక తాగుతాలేమా, టైమైతాంది" అన్నాడు. నేను లోపలికి పరిగెత్తి చెంబుతో నీళ్లు తెచ్చేసరికి లారీ మలుపు తిరుగుతూ ఉంది. ఇదే మలుపు. చెంబును అరుగు మీద పెట్టాను, వచ్చినాక తాగుతానన్నాడు కదా. మూడో రోజు కబురు వచ్చింది, ఘాట్ రోడ్డులో అని. మూడు రోజులూ చెంబు అక్కడే ఉంది, నీళ్ల మీద రాతిపొడి తెట్టు కట్టింది. దానిని తీయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. రహమత్ వచ్చింది, అప్పటికి ఇరవై ఆరేళ్ళది, నా మొహం చూడకుండా చెంబు తీసుకునిపోయి, బూడిద పెట్టి తోమి తెచ్చి బోర్లించింది. ఆ నీళ్లు ఎక్కడ పోసిందో నేను ఈరోజు వరకూ అడగలేదు.

మా అత్త కూడా నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు బతికింది, ఒక్కసారీ అనలేదు. కానీ ఇంట్లో ఎవరు బయలుదేరినా నా వైపు చూసి, పెదాల మీద వేలు పెట్టుకునేది. అంతే. పక్కింటివాళ్ళు సంతకు పోతున్నా. నా కొడుకు ఓబుళేశు బడికి పోతున్నా. ఆ వేలు. ఆమె పోయినాక కూడా ఎవరైనా చెప్పులు వేసుకుంటే అరుగు మూలలో ఆ వేలు లేస్తుంది, ఇప్పుడు కూడా అక్కడ ఉంది, నేను ఆ మూలకు చూడను. ఓబుళేశు కాలేజీ చదివే రోజుల్లో ఒకసారి ఇల్లు విడిచి పోయి నాలుగు నెలలకు వచ్చి ఏడ్చాడు, "ఒక్కదినమన్నా యాడికి పోతాండావురా అని అడిగినావామా నన్ను? అడిగింటే నిలబడుందునేమో" అని. నీ నాయనను అడిగానప్పా అని ఎట్లా చెప్పను.

అందుకే ఆరోజు మధులత చేతిలోని ఫోను మూయించాను. ఇంక చూడొద్దు. వచ్చేదుంటే వస్తాది, అడిగితే రాదు. పిల్ల నవ్వింది, "అత్తా, అది అట్టపెట్టె, మనిషి కాదు" అంది. మనిషి గొంతు కదా అందులో ఉండేది, అన్నాను. నా మొహం చూసి నవ్వు ఆపింది, చూడనని మాట ఇచ్చింది, మాట మీద నిలబడింది కూడా. నా ఫోనును బియ్యం డబ్బా మీద బోర్లించి పెట్టాను. తెలియని నంబర్లు మోగితే ఎత్తొద్దని ఓబుళేశు ఎప్పుడో చెప్పాడు, మోసగాళ్ళుంటారని. మూడుసార్లు మోగింది. ఎత్తలేదు. ఇంగ్లీషులో మెసేజీలు వచ్చాయి, నాకు తెలుగు తప్ప రాదు. పదహారు రోజులు అట్లా గడిపాను, నిమ్మళంగా, ఎవరినీ అడగకుండా, ఈసారి తప్పు చేయలేదని లోపల మెచ్చుకుంటూ. రహమత్ బయలుదేరే తేదీ తెలిసినాక మధులత ఉండబట్టలేక నాకు తెలియకుండా చూసింది. పెట్టె ముంబయికి వచ్చి రెండు వారాలైంది. ఎవరి పేరున వచ్చిందో వాళ్ళ ఆధార్ కాగితం పంపమని కొరియరు వాళ్ళు అడుగుతూనే ఉన్నారంట. ఇంకో రెండు రోజులు చూసి వెనక్కి పంపేస్తామని చివరి మెసేజీ. వాళ్ళే నన్ను అడిగారు, ఎవరమ్మా నువ్వు, యాడుండావు అని, రోజూ అడిగారు. నేను పలకలేదు. ఆ రాత్రికి రాత్రే ఓబుళేశు కాగితాలు పంపాడు. నిన్న కర్నూలు చేరిందని, ఈరోజు ఇంటికి తెస్తారని, ఎన్నింటికో చెప్పరని పొద్దున ఆ పిల్లే చెప్పింది. అడగకపోతే పయనం నిలుస్తుందని నేనెన్నడూ అనుకోలేదు.

నిస్సార్ వచ్చాడు. తల మీది టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ వస్తున్నాడు. ఇంత తొందరగా ఎందుకైంది నమాజు. చివరి మూట, చుట్టిన చాప, కుట్టుమిషన్ పైచెక్క కారులోకి పోయాయి. రహమత్ గడపలో నిలబడి లోపలికి చూసి, తలుపు దగ్గరికి వేసి, వీధి దాటి నా దగ్గరికి వచ్చింది. మెడ మీది గుడ్డ ఆడుతూ ఉంది. నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ అరచేతుల్లో గని ఇంకా ఉంది, గరుకుగా. పెదాలు కదిలాయి. ఇంజను మోత లేదు, కారు ఇంకా స్టార్టు చేయలేదు, అయినా ఏమీ వినపడలేదు. నేను ఆ పెదాలను చూశాను, చూస్తూ ఉంటే అవి కృష్ణవేణమ్మవి అయ్యాయి, ఆ మాట ఒకసారి ఒక రకంగా, ఇంకోసారి ఇంకో రకంగా ఉంది. తల ఊపబోయాను. ఊపలేదు. ఈసారి ఊపలేదు.

"రాజంపేటేమన్నా శానా దూరమా పెద్దమ్మా, నువ్వే రా ఒకసారి" అన్నాడు నిస్సార్, కారు తలుపు తీసి పట్టుకుని. రహమత్ చేతులు వదిలి వెనక్కి తిరిగింది. మలుపులో ఏమీ లేదు, తెల్లటి ఎండ. అరుగు మూలలో మా అత్త వేలు పెదాల మీదికి లేచింది. రహమత్ ఒక కాలు కారులో పెట్టింది. నేను లేచి నిలబడ్డాను.

"యాడికి పోతాండావు రహమతూ?" అన్నాను.

వీధంతా వినపడింది. అంత గొంతు నాలో ఉందని నాకు తెలియదు, గనిలో ఆమె అరిచినట్టే అరిచాను. లోపల్నుంచి మధులత "అత్తా" అని వచ్చి ఆగిపోయింది. నిస్సార్ మొహం ముడుచుకుని, "ఏంది పెద్దమ్మా, కాలు బయటపెట్టినాక ఆ మాట అడుగుతారా" అన్నాడు. అడుగుతారప్పా. నిలబెట్టుకోవాలంటే అడుగుతారు. రహమత్ కదలకుండా నిలబడింది, వీపు నా వైపు. నలభై ఏళ్ళలో ఆ మాట నా నోట ఆమె విన్నది ఒక్కసారే, ఆ రోజు తన గడపలో నిలబడి విన్నది. నేను ఎందుకు ఎవరినీ అడగనో ఈ లోకంలో తెలిసిన ఒకే మనిషి. ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తుందనుకున్నాను. ఇటు తిరిగింది. నవ్వుతూ ఉంది, శబ్దం లేకుండా, మెడ మీది గుడ్డ ఎగిరెగిరి పడేటట్టు. కారులో నుంచి కాలు తీసింది. వీధి దాటి వచ్చి, మెట్టు కింద చెప్పులు విడిచి, అరుగు మీద నా పక్కన, ఆ మూలలోనే, కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"మధూ, నీళ్లు తేమ్మా" అన్నాను. "గ్లాసులో కాదు. చెంబుతో."

ఓబుళేశు నాయనకు తెచ్చిన చెంబే. నిండా పోసి తెచ్చింది ఆ పిల్ల. రహమత్ రెండు చేతులతో పట్టుకుని ఒక గుటక తాగి ఒళ్ళో పెట్టుకుంది. ఆమెకు నీళ్లు మెల్లగానే దిగుతాయి, నిస్సార్‌కు తెలుసు. గడియారం చూసుకుని, "ఎంతసేపు పెద్దమ్మా ఇది" అన్నాడు.

"నీళ్లు అయిపోవాల కదప్పా" అన్నాను. అతడు కారుకు ఆనుకుని నిలబడ్డాడు. అప్పుడు చెప్పాను రహమత్‌కు, వాళ్ళు కాదు రహమతూ, ఆలస్యం చేసింది నేనేనని, బియ్యం డబ్బా మీది ఫోను సంగతి, పదహారు రోజుల సంగతి. ఆమె వింటూ ఇంకో గుటక తాగింది. తలుపు దగ్గర నిలబడిన మధులత వైపు తిరిగాను. ఆ మాటే అడిగాను. "ఆ పెట్టె యాడుండాదో చూడమ్మా."

మధులత ఫోను తీసి వేలితో పైకి కిందికి జరుపుతూ నిలబడింది. మేమిద్దరం మలుపు వైపు చూస్తూ ఉన్నాం. లారీ ఒకటి పోయింది, పొడి లేచింది, పడింది. రహమత్ చెంబు పైన అరచెయ్యి మూత పెట్టింది, నీళ్లలో పొడి పడకుండా. మళ్ళీ తీసి తాగింది. సగం అయ్యాక చెంబును ఒకసారి వంచి చూసుకుంది, నా వైపు చూసింది, చెయ్యి చాపి దానిని మధులతకు అందించింది, నింపి తెమ్మని.